కోడికి ఇద్దరు దాయాదులు: ఒక హిమోగ్లోబిన్ ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 3

టాపిక్ ఖరారైంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఒక్కోదాన్ని ఒక్కో ఇంగ్లీషు అక్షరంతో రాస్తారు, ఆ అక్షరాల క్రమమే దాని వరస. ఒకే ప్రోటీన్‌ని పది పన్నెండు జంతువుల్లో తీసుకుని, అక్షరం పక్కన అక్షరం పెట్టి చూసి, ఎవరు ఎవరికి ఎంత దగ్గర చుట్టమో చెట్టు గీయాలి. మేడమ్ రెండు పేర్లు చెప్పారు. ఒకటి సైటోక్రోమ్ సి, రెండోది హిమోగ్లోబిన్. సైటోక్రోమ్ సి మనిషిలో 104 అమైనో ఆమ్లాలే. 1967లో ఫిచ్, మార్గోలియాష్ చెట్టు గీసింది దాంతోనే. అందుకే ఏటా ఎవరో ఒకరు దాన్నే తీసుకుంటారు, సీనియర్ల రికార్డు ఉంటే రెండు రాత్రుల్లో దించేయొచ్చు. ఆ పేరు నాకొద్దనిపించి హిమోగ్లోబిన్ అన్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మొన్న కాలేజీలో పెట్టిన రక్త పరీక్షల క్యాంపులో నాకు హిమోగ్లోబిన్ తక్కువ, 9.4 అని రాసిచ్చారు. అప్పట్నుంచి ఇంట్లో పొద్దున్న బెల్లం వేరుశనగ ఉండ, సాయంత్రం మునగాకు పప్పు. ఇంత పెట్టించిన పదార్థమేంటో చూద్దామని పంతం.

హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. మనిషి ఆల్ఫా 141 అమైనో ఆమ్లాలు, బీటా 146. నేను ఆల్ఫా ఒక్కటే తీసుకుంటున్నాను.

డిసెంబరు 8

జంతువుల జాబితా రాయడానికే ఒక సాయంత్రం పోయింది. నాకు మన శ్రీకాకుళం జిల్లావే పెట్టాలని ఉంది. టెక్కలి పక్కన తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు దిగే ఉన్నాయి, మా బస్సు అటు నుంచే వస్తుంది. భావనపాడు తీరంలో ఇంకో నెల ఆగితే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి రెండూ ఉంటే వైవాలో చెప్పుకోడానికి బాగుంటుంది.

మేడమ్ ఒకటే అడిగారు. "నీకు నచ్చినవి పెడతావా, వరస పూర్తిగా, నమ్మకంగా ఉన్నవి పెడతావా?"

చివరికి తేలిన పన్నెండు ఇవి: మనిషి, చింపాంజీ, గొరిల్లా, ఆవు, గుర్రం, చిట్టెలుక, కోడి, రెండు రకాల పెద్దబాతులు (గూస్), పచ్చ సముద్ర తాబేలు, ఆఫ్రికా కప్ప, బంగారు తీగ చేప. రిడ్లీ బదులు పచ్చ తాబేలు ఎందుకంటే దాని జీనోమ్, అంటే జన్యువుల మొత్తం చిట్టా, 2013లోనే వచ్చింది, వరస దొరకడం సులువు. గూడబాతు పోయింది. బాధగానే ఉంది.

డిసెంబరు 13

ల్యాబ్‌లో సిస్టమ్‌లు ఏడు, పనిచేసేవి నాలుగు. నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, ప్రోటీన్ల వరసలు దొరికే యూనిప్రాట్ వెబ్‌సైటు తెరిచాను. మనిషి ఆల్ఫా నంబరు పి69905, ఇక జన్మలో మరిచిపోను. ఒక్కొక్కటే దింపి, పన్నెండింటినీ ఒకే ఫైలులో అతికించాను. కోడి దగ్గర రెండు ఫలితాలు వచ్చాయి, ఆల్ఫా-ఎ అని ఒకటి, ఆల్ఫా-డి అని ఒకటి. కరెంటు పోయేలా ఉంది, చేతికందింది నొక్కి దింపేశాను. విటమిన్లలో ఎ, డి ఉన్నట్టు ఇవీ ఏవో రకాలనుకున్నాను.

ఫైలుని వర్డ్‌లో సేవ్ చేయడం నా మొదటి తప్పు. ప్రోగ్రామ్ దాన్ని చదవనే లేదు. వర్డ్ మన కంటికి కనపడని సామానంతా లోపల పెడుతుంది. నోట్‌ప్యాడ్‌లో మళ్లీ చేశాను. ఫాస్టా ఫైలు అంటే ఏమీ లేదు, బాణం గుర్తు పెట్టి పేరు, కింద వరస, అంతే. పేర్లలో ఖాళీలు ఉంటే కూడా గొడవే. "బంగారు తీగ" అని ముచ్చటపడి తెలుగులో రాస్తే తెర మీద పెట్టెలు పెట్టెలుగా కనపడింది.

డిసెంబరు 19

ప్రోగ్రామ్‌కి ఇచ్చేముందు రెండు జతలైనా చేత్తో లెక్కపెట్టమన్నారు మేడమ్. మంచి పని చేశారు. మనిషి వరసా ఆవు వరసా పదేసి అక్షరాల చొప్పున ఒకదాని కింద ఒకటి ప్రింటు తీయించి, నులక మంచం మీద కూర్చుని పెన్సిల్‌తో గీసుకుంటూ పోయాను.

మనిషిది వి, ఎల్, ఎస్, పి, ఎ, డి, కె, టి అని మొదలవుతుంది. ఆవుది వి, ఎల్, ఎస్, ఎ, ఎ, డి, కె, జి. అంటే నాలుగో చోట ప్రోలిన్ ఉండాల్సింది అలనిన్, ఎనిమిదో చోట త్రియోనిన్ బదులు గ్లైసిన్. రెండు గీతలు పడ్డాయి. తర్వాత 19, 22. ఆ తర్వాత 23 నుంచి 59 దాకా ఏమీ లేదు. 37 అక్షరాలు వరసగా, ఒక్క తేడా లేకుండా. పెన్సిల్ కాగితం మీద పెట్టి ఊరికే జరుపుకుంటూ పోయాను. మా పెరట్లో కట్టేసిన ఆవుకీ నాకూ ఇంత పొడుగు మాట ఒకటే!

మొత్తం 17 తేడాలు. గొరిల్లాకీ మనిషికీ ఒక్కటే, 23వ చోట. చింపాంజీకి సున్నా. సున్నా అని పుస్తకంలో చదవడం వేరు, 141 అక్షరాలు వేలు పెట్టి చూసుకోవడం వేరు.

మామ్మ పక్కన కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. "ఏటే గుంట, ఆవుతో చుట్టరికం కలుపుతున్నావా?" అంది. "అవును మామ్మా, 17 మెట్లు దూరం" అన్నాను. "మీ బాబయ్య కంటే దగ్గరేలే" అంది. పొలం గట్టు గొడవ ఇంకా చల్లారలేదు.

డిసెంబరు 27

పన్నెండూ ఒకేసారి క్లస్టల్ ఒమేగాలో వేశాను, వరసల్ని ఒకదాని కింద ఒకటి సర్దే ప్రోగ్రామ్ అది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు, నా పెన్సిల్ సిగ్గుపడింది.

రంగుల్లో చూస్తే పైనుంచి కింద దాకా ఒకే రంగు ఉన్న నిలువు వరసల్లో రెండింటి మీద నా కన్ను పడింది. 58, 87. రెండూ హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం. గొలుసు లోపల హీమ్ అనే బిళ్లలాంటిది ఉంటుంది, దాని మధ్యలో ఉన్న ఇనుముని పట్టుకునేది 87వ హిస్టిడిన్. అవతలి వైపు ఆక్సిజన్ వచ్చి కూర్చునే చోట కాపలా ఉండేది 58వది. వీటిని కదిపితే ఊపిరి పని దెబ్బతింటుంది, అందుకే చేపలో కూడా అవి అక్కడే ఉన్నాయి. బంగారు తీగకీ మనకీ ఇంచుమించు సగం అక్షరాలు వేరు. అయినా ఈ రెండు చోట్లా తేడా లేదు.

50వ చోట కూడా హిస్టిడిన్ చాలామందికి ఉంది. మనిషి, ఆవు, గుర్రం, చిట్టెలుక, రెండు బాతులూ. కోడికి మాత్రం ప్రోలిన్. మొదటి అక్షరం కూడా వీళ్లందరికీ వి అయితే కోడికి ఎమ్. చూశాను. "ఆసక్తికరం" అని పక్కన రాసుకున్నాను. ఆ మాట రాసుకుని ఊరుకోవడం ఎంత తప్పో తర్వాత తెలిసింది.

జనవరి 5

చెట్టు వచ్చింది. మెగా అనే ప్రోగ్రామ్‌లో నైబర్ జాయినింగ్ పద్ధతి. 1987లో సైతౌ, నెయి ఇచ్చిన పద్ధతి ఇది, దగ్గర జతలని కలుపుకుంటూ పోతుంది. మనిషి, చింపాంజీ, గొరిల్లా ఒక గుత్తి. ఆవు, గుర్రం ఆ పక్కనే. బాతులు రెండూ కలిసి ఒక కొమ్మ. అంతా ముద్దుగా ఉంది.

కోడి మాత్రం ఎక్కడో దూరంగా కప్ప పక్కన కూర్చుంది.

బాతులకంటే, తాబేలుకంటే, ఆఖరికి మనుషులకంటే అవతల. అంటే బాతుకి కోడి కంటే నేనే దగ్గర చుట్టం అన్నమాట. బూట్‌స్ట్రాప్ కూడా ఎక్కువే వచ్చింది. బూట్‌స్ట్రాప్ అంటే మన నిలువు వరసలనే అటూ ఇటూ లాటరీ తీసినట్టు మళ్లీ మళ్లీ ఏరి వెయ్యి చెట్లు గీయించి, ఒక కొమ్మ ఎన్నిసార్లు మళ్లీ వస్తుందో చూడటం. 1985లో ఫెల్సెన్‌స్టీన్ పెట్టాడు. ఎక్కువ వచ్చింది కాబట్టి నిజమే అనుకున్నాను. ఇచ్చిన సరుకే తప్పయితే వెయ్యి సార్లూ అదే తప్పు వస్తుందని అప్పటికి నాకు తట్టలేదు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. ఆ రాత్రి కూర్చుని రెండు పేజీల వివరణ రాశాను. మనిషి కోడిని వేల ఏళ్లుగా పెంచుతున్నాడు, అందుకే దాని ప్రోటీన్ మిగతా పక్షులకంటే వేగంగా మారిపోయి ఉంటుంది, అని. అందమైన చేతిరాత, నీలం ఇంకు, కింద గీతలు. మేడమ్ చదివి, ఏమీ అనకుండా, ఎర్ర పెన్నుతో పేజీ నిండా ఒకటే ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చారు. "పండక్కి వెళ్లి వచ్చాక చెప్పు" అన్నారు.

సంక్రాంతి రోజు

మా వైపు సంక్రాంతి అంటే పెద్దలకి పెట్టుకునే రోజు. చనిపోయిన వాళ్ల పేర్లు చెప్పి కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ ఆకులో వడ్డించి దండం పెట్టుకుంటాం. పేర్లు చెప్పేది మామ్మే. కాగితం లేదు, తడబాటు లేదు.

ఖరగ్‌పూర్ నుంచి రైల్వేలో చేసే చిన్నాన్నలు ఇద్దరు వచ్చారు. మన జిల్లా నుంచి ఖరగ్‌పూర్ వెళ్లిన వాళ్లు లేని ఊరు ఉందా? ఇద్దరిదీ మా ఇంటిపేరే. భోజనాలప్పుడు నేను "మీ ఇద్దరూ మాకు ఒకే వరస కదా, తాతగారి కాలంలోనే కదా అందరూ వెళ్లింది" అన్నాను. మామ్మ నన్నొక చూపు చూసింది.

"ఓలమ్మో, అలగెలాగే? మీ తాత తాతకి ఇద్దరు కొడుకులు. పెద్దోడి వమిశం మనం, ఈడూనూ. చిన్నోడి వమిశం ఆడు. ఊరొదిలి ఎల్లడం ఇద్దరూ ఒకపాలే ఎల్లారు, గానీ ఇడిపోయింది మాత్రం ఎప్పుడో."

అన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. కాసేపు ఎవరూ ఏం మాట్లాడినా వినపడలేదు.

ఊరొదిలి వెళ్లడం ఒక తేదీ. కొమ్మలు విడిపోవడం ఇంకో తేదీ, అంతకంటే పాతది. ఖరగ్‌పూర్‌కీ మా ఊరికీ ఎంత దూరమో తెలుసుకోవాలంటే పెద్దకొమ్మ వాళ్లని పెద్దకొమ్మ వాళ్లతో పోల్చాలి. ఇక్కడి పెద్దకొమ్మనీ అక్కడి చిన్నకొమ్మనీ పక్కన పెడితే వచ్చే జవాబు వలస గురించి కాదు, తాత తాత గురించి.

ఆల్ఫా-ఎ, ఆల్ఫా-డి.

కనుమ

ఇంట్లో అందరూ నాటుకోడి కూరా గారెలూ తింటుంటే నేను కోడి వరసలు రెండూ ముందేసుకుని కూర్చున్నాను. నెట్ దొరకాలంటే డాబా ఎక్కాలి.

కోడి రక్తంలో హిమోగ్లోబిన్ రెండు రకాలు. ఎక్కువ పాలు ఆల్ఫా-ఎ ఉన్నది, తక్కువ పాలు ఆల్ఫా-డి ఉన్నది. రెండింటికీ జన్యువులు వేరు. ఒకప్పుడు ఒకే జన్యువు రెండు కాపీలైంది, తర్వాత ఏ కాపీ దారి దానిదైంది. అది జరిగింది పక్షులు పుట్టకముందు ఎప్పుడో. బాతులవి నేను ఆల్ఫా-ఎ తీసుకున్నాను, కోడిది ఆల్ఫా-డి. అంటే ఇక్కడి పెద్దకొమ్మ, అక్కడి చిన్నకొమ్మ.

నమ్మకం కోసం మళ్లీ పెన్సిల్. మనిషి ఆల్ఫాకీ కోడి ఆల్ఫా-ఎకీ తేడాలు మొదట 41 వచ్చాయి, రెండోసారి 42. మూడోసారి కూడా 42. 141లో 42 అంటే నూటికి డెబ్బై అక్షరాలు ఒకటే. తర్వాత కోడి ఆల్ఫా-ఎకీ కోడి ఆల్ఫా-డికీ లెక్కపెట్టాను. 58.

అదే కోడి, అదే రక్తం. కానీ దాని ఎ గొలుసుకి దాని సొంత డి గొలుసు కంటే నా ఒంట్లో ఉన్న గొలుసే దగ్గర. 50వ చోట ఆ ప్రోలిన్, మొదట్లో ఆ ఎమ్ రెండూ డి గొలుసు ఆనవాళ్లు. డిసెంబరు 27నే కంటి ముందు ఉన్నాయి.

జీవశాస్త్రంలో వీటికి పేర్లున్నాయి. జాతులు విడిపోవడం వల్ల వేరైనవి ఆర్థోలాగ్‌లు, జన్యువే రెండై వేరైనవి పారాలాగ్‌లు. రెండో సెమిస్టరులో పరీక్షకి బట్టీ పట్టి రెండు మార్కులు కూడా తెచ్చుకున్నాను. పారాలాగ్ అంటే దాయాది అని ఎవరైనా ఆ రోజే చెప్పి ఉంటే నాకు ఈ రెండు పేజీల నీలం ఇంకు మిగిలేది. అసలు ఆల్ఫా, బీటా కూడా దాయాదులే. ఇంకా పాత పంపకం, 40 కోట్ల ఏళ్లకి పైమాట. మనిషి ఆల్ఫాకీ బీటాకీ కలిసే అక్షరాలు నూటికి నలభై చిల్లర.

కూర చల్లారాక తిన్నాను. మామ్మ ఏమైందని అడిగితే "నీవల్లే దొరికింది" అని చెప్పాను. ఏం దొరికిందో అడగలేదు, గారె ఇంకోటి వేసింది.

జనవరి 20

మిగతా పదకొండూ మళ్లీ తనిఖీ. తాబేలుకి కూడా డి గొలుసు ఉంది! అదృష్టం కొద్దీ నేను దింపింది ఎ. అదృష్టం కొద్దీ అని రికార్డులో రాయలేను కదా, "పరిశీలించి నిర్ధారించడమైనది" అని రాశాను.

కొత్త చెట్టులో కోడి బాతుల పక్కకి వచ్చి బుద్ధిగా కూర్చుంది. మేడమ్ చూసి నవ్వారు. పాత చెట్టు పారేయొద్దు, రెండూ పక్కపక్కన పెట్టు, ఎక్కడ పొరపాటు పడ్డావో రాయి అన్నారు. అందమైన చేతిరాత పేజీలు మాత్రం నేనే చించేశాను.

జనవరి 24

ఈ రోజంతా బాతుల మీదే పోయింది. ప్రాజెక్టుకి అంత అవసరం లేదు, కానీ ఆపలేకపోయాను.

నా రెండు బాతుల్లో ఒకటి గ్రేలాగ్, మామూలుగా నేలకి దగ్గర్లో బతికేది. ఇంకోటి బార్‌హెడెడ్ గూస్, తెల్ల తల మీద వెనకవైపు రెండు నల్ల చారలుంటాయి. చలికాలానికి మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి మన దేశం వచ్చేది ఇదే. ఆ ఎత్తులో మనం మెట్లెక్కినా కూలబడతాం, అది రెక్కలాడిస్తూ దాటుతుంది.

రెండింటి ఆల్ఫా గొలుసుల్లో తేడాలు మూడంటే మూడు. 18, 63, 119. అందులో అసలుది 119. మనిషికి అక్కడ ప్రోలిన్, కోడికి ప్రోలిన్, ఆవుకి ప్రోలిన్, గ్రేలాగ్‌కి ప్రోలిన్. చారల బాతుకి అలనిన్. ప్రోలిన్ పక్కనున్న బీటా గొలుసులో 55వ అమైనో ఆమ్లాన్ని ఒరుసుకుని ఉంటుంది. అలనిన్ చిన్నది, అంతదాకా అందదు. ఆ ఒరిపిడి పోవడంతో గొలుసుల మధ్య పట్టు కాస్త సడలి, ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకునే రూపంలోకి హిమోగ్లోబిన్ తేలిగ్గా వస్తుంది. పల్చటి గాలిలో దానికి కావలసింది అదే. ఎగరడానికి దానికి ఇంకా చాలా ఉన్నాయి, పెద్ద ఊపిరితిత్తులు, లోతుగా పీల్చడం. అయినా ఒక్క అక్షరం!

17 తేడాలతో ఆవూ నేనూ నేల మీదే ఉన్నాం. అంటే ఎన్ని అక్షరాలు మారాయన్న లెక్క చుట్టరికం చెబుతుంది గానీ, ఎవరేం చేయగలరో చెప్పదు. ఇది వైవాలో అడిగితే బాగుండు.

ఫిబ్రవరి 2

నాన్నతో తెల్లవారకముందే భావనపాడు వెళ్లాను. ఇసుకలో ట్రాక్టరు చక్రం జాడలాంటి గీతలు సముద్రం నుంచి పైకి వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లాయి. రాత్రి వచ్చిన రిడ్లీ అట. గుడ్లు అప్పటికే తీసి సంరక్షణ కేంద్రానికి పట్టుకెళ్లారని వలలు సర్దుకుంటున్న తాత చెప్పాడు. కొంచెం దూరంలో చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినది ఒకటి. ట్రాలర్ వలల్లో పడి ఊపిరాడక చనిపోతాయి. అవి నీటిలో బతికినా పీల్చేది గాలే కదా. వీపు మీద ఈగలు. ఫొటో తీయబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి చెట్టు తెరిచాను. నా చెట్టులో తాబేలు పక్షుల వైపు కలిసింది. కానీ ఆ కొమ్మకి బూట్‌స్ట్రాప్ నూటికి 50 కూడా రాలేదు. ఒకసారి చిట్టెలుక తీసేసి వేస్తే తాబేలు ఇంకో చోటికి జరిగింది. స్కూల్లో తాబేలుని పాములూ బల్లులతో కలిపి సరీసృపాలని చదివాం. ఇప్పుడు వేల జన్యువులతో చేసిన పరిశోధనలు దాన్ని పక్షులూ మొసళ్ల పక్కన పెడుతున్నాయి. 1967 నాటి సైటోక్రోమ్ సి చెట్టులో కూడా తాబేలు గిలక పాము దగ్గరికి కాక పక్షుల దగ్గరికే వెళ్లింది. నాదీ అలాగే వచ్చింది కాబట్టి నేనూ కరెక్టే అని రాసుకోవాలని చెయ్యి దురద పెట్టింది. రాయలేదు. 141 అక్షరాలకి అంత సాక్ష్యం చెప్పే బలం లేదు. కోడి దగ్గర ఒకసారి కాలు కాలింది చాలు. "తాబేలు స్థానం ఈ ఒక్క ప్రోటీన్‌తో తేలదు" అని ఒక్క వాక్యం పెట్టాను.

ఫిబ్రవరి 11

టెక్కలిలో ప్రింటు, స్పైరల్ బైండింగ్. షాపు తమ్ముడు చెట్టు బొమ్మ తీసిచ్చాడు, బాగానే ఉంది అనుకుని బస్సు ఎక్కబోతూ చూసుకుంటే అడుగున బంగారు తీగ కట్ అయిపోయింది. కప్పతో ఆగిపోయింది నా సృష్టి. వెనక్కి పరిగెత్తి, పేజీకి సరిపడా కుదించి మళ్లీ తీయించాను. కలర్ పేజీ ఇరవై రూపాయలు, రెండుసార్లు కాబట్టి నలభై.

వైవా సోమవారం. మామ్మ రికార్డు తిరగేసి చెట్టు దగ్గర ఆగి, వేలితో ఒక్కో కొమ్మా తడిమి, "మన కోడేదే?" అని అడిగింది. చూపించాను.